పలుచటి స్టౌట్‌కు చిక్కదనం: నాలుగు కిట్ డబ్బాలతో ఒక మెల్‌బోర్న్ చలికాలం

మే మొదటి వారంలో తమ్ముడు ఆరు సీసాలు తెచ్చి మా గరాజ్‌లో బల్ల మీద పెట్టాడు. సొంత తమ్ముడు కాదు. మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్‌లో మాకు రెండు వీధుల అవతల ఉంటాడు, కరీంనగర్ అబ్బాయి. తొమ్మిదేళ్లుగా నేను ఇంట్లో బీరు చేసుకుంటున్నానని తెలిసి, తనూ ఒక స్టౌట్ కిట్ కొని మొదటి బ్యాచ్ చేశాడు. స్టౌట్ అంటే మాడేలా వేయించిన ధాన్యంతో చేసే నల్లటి, చిక్కటి బీరు.

"అన్నా, నల్లగైతే ఉన్నది గానీ తాగుతుంటే నీళ్ల లెక్కనే ఉన్నది. ఆఖరికి గొంతుల ఘాటు కొడుతున్నది. డబ్బాదే తప్పంటవా?"

ఒకటి తెరిచి గ్లాసులో పోశాను. రంగు బాగానే ఉంది. నురగ నిమిషం కూడా నిలవలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాఫీ, చాక్లెట్ వాసన రావాల్సిన చోట సారా వాసన తగిలింది. నోట్లో పట్టు లేదు, మింగాక గొంతులో వేడి మిగిలింది. స్టౌట్ అంటే నాకు ప్రాణం. అందుకే అతను నిరాశపడి కిట్‌ను అటక మీద పడేయడం నాకు ఇష్టం లేకపోయింది. ఈ చలికాలమంతా ఇద్దరం కలిసి అదే రకం డబ్బాలు మరో నాలుగు తీసుకుని, ఏ పదార్థం వేస్తే ఏం మారుతుందో ఒక్కొక్కటిగా చూద్దామన్నాను. ఆ పని లెక్కలతో సహా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఆస్ట్రేలియాలో సొంత వాడకానికి ఇంట్లో బీరు పులియబెట్టుకోవచ్చు. అమ్మకూడదు, లైసెన్సు లేకుండా బట్టీ పెట్టి సారా దించకూడదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో లైసెన్సు లేకుండా బీరు తయారుచేయడమే ఎక్సైజ్ చట్టం కింద నేరం. అక్కడ ఉన్నవాళ్లు దీన్ని చదివి ఊరుకోండి, చేయకండి.

అతను ఏం చేశాడు

కిట్ అంటే 1.7 కిలోల డబ్బా. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, అంటే మాల్ట్, దాని నుంచి తీసిన తియ్యటి రసాన్ని చేదు ఇచ్చే హాప్స్ అనే పూలతో మరిగించి, తేనెపాకంలా చిక్కబరిచి డబ్బాలో పోస్తారు. స్టౌట్ డబ్బా అయితే నల్లగా మాడిన ధాన్యం రంగు, చేదు కూడా అందులోనే ఉంటాయి. మూత కింద చిన్న ఈస్ట్ పొట్లం. మనం చేయాల్సిందల్లా వేడి నీళ్లలో కరిగించి, కిలో చక్కెర కలిపి, 23 లీటర్లకు నీళ్లు పోసి, ఈస్ట్ చల్లడం.

తమ్ముడు అచ్చంగా అదే చేశాడు. కిలో పంచదార వేశాడు. 23 లీటర్లకు పోశాడు. ఆపై ఫర్మెంటర్‌ను, అంటే బీరు పులియబెట్టే పాత్రను, హాల్లో రూమ్ హీటర్ పక్కన పెట్టాడు. ఎందుకని అడిగితే, "ఇడ్లీ పిండి పులువనీకి చలికాలం హీటర్ పక్కనే పెడతం గదన్నా" అన్నాడు.

ఆ మాటలో తర్కం ఉంది, కానీ రెండు పులుపులూ ఒకటి కాదు. ఇడ్లీ పిండిలో పని చేసేవి ముఖ్యంగా లాక్టిక్ బాక్టీరియా. వెచ్చదనం వాటికి మేలు, వచ్చే పులుపు మనకూ ఇష్టమే. బీరులో పని చేసేది ఈస్ట్. అది వేడెక్కితే వేగంగానే పులియబెడుతుంది గానీ, మామూలు ఆల్కహాల్‌తో పాటు బరువైన ఆల్కహాల్స్ కూడా కొంత వదులుతుంది. గొంతులో ఘాటు, సారా వాసన అక్కడివే. అతని ఫర్మెంటర్ పక్కనున్న స్టిక్కర్ థర్మామీటర్ 27 డిగ్రీలు చూపించిందట. పులుస్తున్న బీరు తనంతట తానే వేడి పుట్టిస్తుంది కాబట్టి లోపల ఇంకో డిగ్రీ ఎక్కువే ఉండి ఉంటుంది.

ఘాటుకు కారణం దొరికినట్టే. నీళ్లలా ఉండటానికి కారణం పంచదార అని నా అనుమానం. అనుమానాన్ని పరీక్షగా మార్చాలి.

ఒక డబ్బా, రెండు బకెట్లు

ఇంట్లో బీరు చేసేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఏమిటంటే, ఒక బ్యాచ్ బాగా రాకపోతే తర్వాతి దాంట్లో ఐదు మార్పులు ఒకేసారి చేయడం. బాగా వచ్చినా ఏది పని చేసిందో తెలియదు. అందుకని మేం డబ్బాను వేడి నీళ్లలో కాసేపు ఉంచి, రసం జారుగా అయ్యాక వంటింటి త్రాసు మీద 850 గ్రాముల చొప్పున రెండు బకెట్లకు పంచాం. రెండు బకెట్లనూ ఒకే పెద్ద ప్లాస్టిక్ టబ్బులో నిలబెట్టి, సగం వరకు నీళ్లు పోసి, చేపల తొట్టిలో వాడే హీటర్‌ను 20 డిగ్రీలకు పెట్టాం. మా గరాజ్ జూన్‌లో రాత్రిళ్లు 10 డిగ్రీలకు పడిపోతుంది. ఈ టబ్బు వల్ల రెండింటికీ ఒకే ఉష్ణోగ్రత దొరికింది. వేరుగా ఉన్నది మేం కావాలని మార్చిన ఒక్క పదార్థమే.

మొదటి జతలో "అ" బకెట్‌కు 500 గ్రాముల పంచదార, "ఆ" బకెట్‌కు 500 గ్రాముల లైట్ డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, అంటే మాల్ట్ రసాన్ని ఆరబెట్టిన పొడి. రెండూ 11.5 లీటర్లు. ఈస్ట్ కిట్‌తో వచ్చిందే, చెరి సగం.

హైడ్రోమీటర్ గురించి తెలియని వారికి: ద్రవం సాంద్రత కొలవడానికి అందులో తేల్చే గాజు గొట్టం అది. మంచినీళ్లలో 1.000 చూపిస్తుంది. చక్కెరలు కరిగిన కొద్దీ అంకె పెరుగుతుంది, పులిసి ఆల్కహాల్‌గా మారిన కొద్దీ తగ్గుతుంది. మొదటి అంకెలోంచి చివరి అంకె తీసేసి 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం సుమారుగా వస్తుంది. చివరి అంకె ఎంత తక్కువైతే నోటికి అంత పలుచగా అనిపిస్తుందని మోటుగా గుర్తుంచుకోవచ్చు.

"అ" బకెట్ 1.039 దగ్గర మొదలై 1.006 దగ్గర ఆగింది, 4.3 శాతం. "ఆ" బకెట్ 1.038 దగ్గర మొదలై 1.011 దగ్గర ఆగింది, 3.5 శాతం. మొదలు దాదాపు సమానం. తేడా అంతా చివర్లోనే. పంచదారను ఈస్ట్ పూర్తిగా తినేస్తుంది, గ్లాసులో ఏమీ మిగల్చదు. మాల్ట్ పొడిలో ఈస్ట్ తినలేని పొడవాటి పిండిపదార్థాలు, ప్రొటీన్లు కొన్ని ఉంటాయి. అవి మిగిలిపోతాయి. నోటికి తగిలే చిక్కదనం, నురగ నిలవడం వాటి వల్లే.

జూన్ మూడో వారంలో మూడు గ్లాసులు వరసగా పెట్టాం. హీటర్ పక్కన చేసిన పాతది, "అ", "ఆ". పాతదానికీ అ గ్లాసుకీ పదార్థాలు ఒకటే, తేడా ఉష్ణోగ్రతే. అ గ్లాసులో ఘాటు పోయింది, పలుచదనం అలాగే ఉంది. "ఆ" గ్లాసులో ఘాటూ లేదు, చిక్కదనమూ కొంత వచ్చింది. ఆల్కహాల్ తక్కువున్న గ్లాసే తమ్ముడికి బలంగా అనిపించింది. రెండుసార్లు మార్చి మార్చి తాగి, "గిదే ఎక్కువ ఉన్నట్టున్నది గదన్నా" అన్నాడు. బీరు బలం ఆల్కహాల్ అంకెలో ఉంటుందని చాలామంది అనుకుంటారు. నాలుక కొలిచేది అది కాదు.

కాబట్టి స్టౌట్ కిట్‌కు చేయాల్సిన మొదటి మేలు కొత్త పదార్థం వేయడం కూడా కాదు, పంచదార తీసేయడం. దాని చోట మాల్ట్ పొడి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. రెండోది 23 లీటర్లకు బదులు 20 లీటర్లకే నీళ్లు పోయడం. మూడు లీటర్లు పోగొట్టుకుంటాం. కిట్‌లో హాప్స్ చేదు ముందే కొలిచి వేసి ఉంటుంది, మాల్ట్ పొడిలో చేదు ఉండదు. 23 లీటర్లలో మాల్ట్ ఎక్కువ వేసుకుంటూ పోతే తీపి వైపు ఒరుగుతుంది. 20 లీటర్ల దగ్గర ఆ తూకం బాగా కుదురుతుంది. ఇక్కడి నుంచి మా జతలన్నీ బకెట్‌కు 10 లీటర్లే.

వేయించిన బార్లీ, వగరు

"ఆ" గ్లాసులో ఇంకా లేనిది వాసన. చల్లారిన కాఫీ ఫిల్టర్ మూత తీస్తే వచ్చే వాసన స్టౌట్‌కు ఉండాలి. అది నల్లగా వేయించిన ధాన్యం నుంచి వస్తుంది. 1817లో డేనియల్ వీలర్ ఇంగ్లండ్‌లో తిరిగే డ్రమ్ములో మాల్ట్ వేయించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అంతకు ముందు ముదురు బీర్ల కోసం చాలా గోధుమరంగు మాల్ట్ వాడాల్సి వచ్చేది. ఈ పద్ధతితో కొద్దిపాటి నల్ల మాల్ట్‌తోనే రంగు, రుచి రావడం మొదలైంది. మొలకెత్తించని బార్లీని వాడే వీలు బ్రిటన్, ఐర్లండ్ బ్రూవరీలకు 1880లో పన్ను మాల్ట్ మీది నుంచి బీరు మీదికి మారాకే దక్కింది. ఇప్పుడు ఐరిష్ స్టౌట్ అనగానే గుర్తొచ్చే ఆ పొడి పొడి కాఫీ రుచి, మొలకెత్తించకుండా వేయించిన రోస్టెడ్ బార్లీదే.

దాన్ని వాడటం టీ కాచినంత తేలిక, టీ చెడినంత తేలికగా చెడుతుంది కూడా. మొదటి ప్రయత్నంలో నేను ఫోన్ మాట్లాడుతుంటే తమ్ముడు 150 గ్రాములను గలగలా మరుగుతున్న నీళ్లలో వేసి పావుగంట ఉడికించేశాడు. ఆ నీళ్లను చెంచాతో రుచి చూసిన అతని భార్య, "అన్నయ్యా, నేరేడు పండు తిన్నట్టు నాలుక పట్టేసింది" అంది. అంతకంటే సరైన వర్ణన నేనెక్కడా వినలేదు. గింజల పొట్టులో వగరు ఉంటుంది. నీళ్లు 77 డిగ్రీలు దాటితే అది దిగడం మొదలవుతుంది. ఆ గిన్నె పారబోశాం.

రెండోసారి గింజలను మిక్సీలో ఒకే ఒక్కసారి తిప్పి ఆపాం. రవ్వలా రెండు మూడు ముక్కలైతే చాలు, పొడి అయితే వడకట్టడం నరకం. పల్చటి గుడ్డ సంచిలో కట్టి, ముప్పావు లీటరు చన్నీళ్లలో రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాం. పొద్దున సంచి పిండకుండా ఎత్తేసి, ఆ నల్లటి నీటిని మాత్రం పది నిమిషాలు మరిగించి చల్లార్చి కలిపాం. ధాన్యం మరగకూడదు, నీళ్లు మరగాలి. ధాన్యం మీద ఉండే బాక్టీరియా బీరులోకి పోకుండా ఉండటానికి ఆ మరగడం తప్పనిసరి. వేడి నీళ్ల పద్ధతే కావాలంటే 65 నుంచి 70 డిగ్రీల దగ్గర అరగంట నానబెట్టవచ్చు. నాకు చన్నీళ్లదే నచ్చుతుంది, మాడు వాసన లేకుండా కాఫీ వాసన వస్తుంది.

రెండో జతలో ఈస్ట్ కూడా మార్చాం. మూత కింద వచ్చే పొట్లం డబ్బాతో పాటే ఎండల్లో గోదాముల్లో తిరిగి ఉండొచ్చు. ఇంగ్లిష్ ఏల్ రకం డ్రై ఈస్ట్, సాఫేల్ ఎస్-04, 11.5 గ్రాముల పొట్లం తెచ్చి చెరి సగం వేశాం. "ఇ", "ఈ" బకెట్లు రెండింటికీ 850 గ్రాముల కిట్, 500 గ్రాముల మాల్ట్ పొడి, 150 గ్రాముల రోస్టెడ్ బార్లీ నీళ్లు. "ఈ" బకెట్‌కు అదనంగా 120 గ్రాముల లాక్టోజ్.

లాక్టోజ్ అంటే పాలలోని చక్కెర. బీరు ఈస్ట్ దాన్ని తినలేదు. మా అంకెలు చూస్తే తెలిసిపోతుంది: "ఇ" 1.046 నుంచి 1.013కి దిగింది, "ఈ" 1.050 నుంచి 1.017కి దిగింది. మొదట్లో ఉన్న 0.004 తేడా చివరి దాకా అలాగే ఉంది. ఆల్కహాల్ రెండింట్లోనూ 4.3 శాతమే. "ఈ" గ్లాసు మెత్తగా, పాలు పోసిన కాఫీ గుర్తొచ్చేలా ఉంది. తమ్ముడి భార్యకు అన్నింట్లోకీ అదే నచ్చింది.

నేను మాత్రం చివరి రెసిపీలో లాక్టోజ్ పెట్టలేదు. మన ఇళ్లకు వచ్చే పదిమందిలో పాలు పడనివాళ్లు ఒకరో ఇద్దరో తప్పకుండా ఉంటారు, నల్లటి బీరులో పాల చక్కెర ఉందని ఎవరూ ఊహించరు. వేసుకుంటే సీసా మీద రాయండి, పోసే ముందు నోటితో చెప్పండి. వీగన్ మిత్రులకు కూడా అంతే.

ఇ గ్లాసు గురించి ఒక చిక్కు చెప్పాలి. కాఫీ వాసన బాగా వచ్చింది, కానీ చివర్లో నిమ్మచెక్క తగిలినట్టు చిన్న పులుపు. చెడిపోయిన పులుపు కాదది. వేయించిన ధాన్యానికి సహజంగా ఆమ్ల గుణం ఉంటుంది. ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో ఒకప్పుడు బీరుకు వాడిన నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువ, అవి ఆ ఆమ్లాన్ని సర్దేవి. నల్ల బీర్లు అక్కడ అంత బాగా కుదరడానికి అదొక కారణమంటారు. మెల్‌బోర్న్ నీళ్లు కొండల అడవుల నుంచి వచ్చే మెత్తటి నీళ్లు, లవణాలు చాలా తక్కువ. సర్దేవాళ్లు ఎవరూ లేరు.

దీనికి ఇంకో బ్యాచ్ అక్కర్లేదు, గ్లాసులోనే తేల్చుకోవచ్చు. ఒక గ్రాము వంటసోడాను 100 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించాం. పిల్లల మందు సిరంజితో అర మిల్లీలీటరు తీసి 100 మిల్లీలీటర్ల బీరులో వేశాం. పక్కన వేయనిది. తమ్ముడు కళ్లు మూసుకుని రెండూ తాగి వేసినదాన్ని వెంటనే పట్టేశాడు. పులుపు వెనక్కి పోయి చాక్లెట్ ముందుకు వచ్చింది. ఒక మిల్లీలీటరు వేస్తే మాత్రం రుచి చప్పబడింది. అర మిల్లీలీటరు లెక్కన 20 లీటర్లకు సరిగ్గా ఒక గ్రాము అవుతుంది. అంతకు మించి ఎవరూ వేయొద్దు. మీ ఊరి నీళ్లు గట్టివైతే అసలు అవసరమే ఉండదు. ముందు గ్లాసులో చూడండి.

ఓట్స్, బెల్లం

మూడో జత ఓట్స్‌కు, బెల్లానికి మధ్య. ఓట్స్ నా కోరిక, బెల్లం తమ్ముడిది. ఇండియన్ స్టోర్‌లో కిలో నల్ల బెల్లం కొనుక్కుని వచ్చాడు. బెల్లం పాకం వాసన స్టౌట్‌లో వస్తే ఎలా ఉంటుందో ఊహించుకుని అతను ఎంత సంబరపడ్డాడో చెప్పలేను. నాకు ఫలితం కొంత తెలుసు. అయినా అతని నాలుకకు తెలియాలి కదా.

ముందు ఓట్స్ సంగతి. చాలా ఏళ్ల క్రితం నేను ఓట్స్‌ను ఉడికించి, వడకట్టి, ఆ జావను నేరుగా బీరులో పోశాను. అడుగున అంబలి పేరుకుంది, పైన కలక. కారణం సులువు. ఓట్స్‌లో ఉన్నది పిండి, చక్కెర కాదు. ఆ పిండిని విడగొట్టే ఎంజైములు ఆవిరి వేడితో సిద్ధం చేసిన ఓట్స్‌లో లేవు. అవి పేల్ మాల్ట్‌లో, అంటే వేయించని లేత రంగు మాల్ట్‌లో, పుష్కలంగా ఉన్నాయి. కాబట్టి ఓట్స్ ఎంత వేస్తే అంత పేల్ మాల్ట్ కూడా వేసి, రెండింటినీ గంట సేపు వెచ్చటి నీళ్లలో ఉంచాలి. దీన్ని మినీ మాష్ అంటారు. పేరు విని భయపడాల్సిన పని లేదు, మన ఇళ్లలో దానికి కావాల్సిన సామాను ముందే ఉంది: చపాతీలు పెట్టే హాట్‌ప్యాక్.

250 గ్రాముల రోల్డ్ ఓట్స్, 250 గ్రాముల మర పట్టిన పేల్ మాల్ట్ పెద్ద హాట్‌ప్యాక్‌లో వేసి, 73 డిగ్రీల నీళ్లు ఒకటిముప్పావు లీటరు పోసి కలిపాం. కలిపాక థర్మామీటర్ 67 చూపించింది. మూత పెట్టి తువ్వాలు చుట్టాం. గంట తర్వాత 64 డిగ్రీలు ఉంది. ఒక చుక్క స్టీలు చెంచాలో తీసి, టించర్ అయోడిన్ చుక్క కలిపాం. బడిలో బంగాళదుంప ముక్క మీద వేస్తే నీలంగా మారిన అయోడిన్ గుర్తుందా, అదే. నీలం రాలేదు, అంటే పిండి చక్కెరగా మారిపోయింది. ఆ చెంచా రసం పారబోసి, మిగిలినది గుడ్డలో వడకట్టి, 75 డిగ్రీల నీళ్లు లీటరు పోసి గింజలను కడిగి, అంతా కలిపి పావుగంట మరిగించాం. వడకట్టిన రసం రుచి చూసి తమ్ముడు ఆశ్చర్యపోయాడు. గంట క్రితం జావలా ఉన్నది ఇప్పుడు పానకంలా ఉంది. తొమ్మిదేళ్లుగా చూస్తున్నా నాకు కూడా అది ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది.

ఓట్స్ కొనేటప్పుడు చక్కెర, రుచులు, నూనె ఏవీ కలపని మామూలు రోల్డ్ ఓట్స్ చూసుకోండి. ఆవిరి పట్టి నొక్కినవి కాబట్టి మళ్లీ ఉడికించక్కర్లేదు.

ఉ బకెట్: 850 గ్రాముల కిట్, 300 గ్రాముల మాల్ట్ పొడి, పైన చెప్పిన ఓట్స్ మాష్, 150 గ్రాముల రోస్టెడ్ బార్లీ నీళ్లు. 1.048 నుంచి 1.014కి, 4.5 శాతం. ఊ బకెట్: 850 గ్రాముల కిట్, 250 గ్రాముల మాల్ట్ పొడి, 250 గ్రాముల నల్ల బెల్లం, అంతే రోస్టెడ్ బార్లీ. 1.046 నుంచి 1.009కి, 4.8 శాతం.

బెల్లం బకెట్ సీసాలు తెరిచిన రోజు తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. "అన్నా, తీపి ఏడవోయింది?" అన్నాడు. ఎక్కడికీ పోలేదు, ఈస్ట్ కడుపులోకి పోయింది. బెల్లంలో అత్యధిక భాగం పంచదారలో ఉన్న చక్కెరే. తీపి మొత్తం ఆల్కహాల్ అయింది. మిగిలింది చెరుకు పాకం అడుగంటినప్పటి వాసనలో ఒక చిన్న ఛాయ, మళ్లీ అదే పలుచదనం. చెడ్డగా ఏమీ లేదు. స్టౌట్‌ను కాస్త పొడిగా తాగేవాళ్లకు నచ్చవచ్చు. కానీ బెల్లం వేస్తే తియ్యగా, చిక్కగా వస్తుందనుకుని ఎవరూ వేయకండి. వేసి తీరాలనుకుంటే 20 లీటర్లకు 200 గ్రాములు, అదీ పంచదారకు బదులు కాకుండా మాల్ట్ పూర్తిగా వేశాక.

ఓట్స్ సీసా గురించి రాయడానికి నాకు మాటలు చాలవు. లాక్టోజ్ లాగా తీపి లేదు, నాలుక మీద పట్టు గుడ్డ జారినట్టు మెత్తదనం ఉంది. నురగ గోధుమ రంగులో చిక్కగా లేచి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా అంచున గీతలు గీసుకుంటూ దిగింది. జులై చివర్లో ఇంటికి వచ్చిన ఆరుగురు మిత్రులకు మూడేసి గ్లాసులు ఇచ్చాం. రెండింట్లో ఇ రకం, ఒకదాంట్లో ఉ రకం, ఏది వేరో చెప్పమన్నాం. ఐదుగురు సరిగ్గా పట్టుకున్నారు, ఆ ఐదుగురూ ఉ రకమే బాగుందన్నారు. రంగు చూసి కాదు, రెండూ ఒకటే నలుపు.

డికాక్షన్

మన ఇంట్లో స్టీలు ఫిల్టర్ ఉండగా స్టౌట్‌లో కాఫీ వేయకుండా ఉండలేం. దీనికీ గ్లాసు పద్ధతే. ఉ సీసా ఒకటి తెరిచి 100 మిల్లీలీటర్ల చొప్పున పోసి, సిరంజితో చిక్కటి డికాక్షన్ ఒకటి, రెండు, మూడు మిల్లీలీటర్లు వేసి చూశాం. ఒకటి తెలియలేదు. మూడు వేస్తే బీరు పోయి చల్లారిన కాఫీ మిగిలింది. రెండు దగ్గర రెండూ కలిసి వినిపించాయి. అంటే 20 లీటర్లకు 400 మిల్లీలీటర్లు.

చికోరీ కలిపిన పొడితోనూ చూశాం, ఎందుకంటే ఇంట్లో ఉన్నది అదే. పాలతో తాగే కాఫీలో చికోరీ చిక్కదనం ఇస్తుంది. బీరులో దాని చేదు రోస్టెడ్ బార్లీ చేదు మీద ఎక్కి కూర్చుంటుంది. పూర్తి కాఫీ పొడి, మరీ నల్లగా వేయించనిది, నయం. కాఫీ నూనెలు నురగను కొంత తగ్గిస్తాయి, కాబట్టి డికాక్షన్‌ను కాగితం ఫిల్టర్‌లో ఇంకోసారి వడకట్టి వాడాం. ఫిల్టర్‌ను మరిగే నీళ్లతో కడిగి, అప్పుడే మరిగిన నీళ్లతో డికాక్షన్ తీసి, మూత పెట్టి చల్లార్చి, సీసాల్లో నింపే రోజునే కలపాలి. ముందే వేస్తే పులిసే గాలితో పాటు వాసన ఎగిరిపోతుంది. రాత్రిళ్లు కాఫీ పడనివాళ్లకు ఇది కూడా చెప్పి పోయాలి.

నాలుగో డబ్బా

జులై ఆఖరి ఆదివారం పూర్తి బ్యాచ్ పెట్టాం, ఇప్పటిదాకా నేర్చుకున్నదంతా వేసి. 20 లీటర్లకు కొలతలు ఇవి: స్టౌట్ కిట్ డబ్బా ఒకటి, లైట్ డ్రై మాల్ట్ పొడి 600 గ్రాములు, పేల్ మాల్ట్ 500, రోల్డ్ ఓట్స్ 500, రోస్టెడ్ బార్లీ 300, వంటసోడా ఒక గ్రాము, ఎస్-04 ఈస్ట్ ఒక పొట్లం పూర్తిగా. కిలో ధాన్యం హాట్‌ప్యాక్‌లో పట్టదు కాబట్టి పిక్నిక్‌కు తీసుకెళ్లే ఐస్ బాక్స్‌లో మూడున్నర లీటర్ల నీళ్లతో మాష్ చేశాం. రోస్టెడ్ బార్లీ ముందు రాత్రే ఒకటిన్నర లీటర్ల చన్నీళ్లలో నానింది. మాష్ రసం, బార్లీ నీళ్లు కలిపి పావుగంట మరిగించి, పొయ్యి ఆపాక మాల్ట్ పొడి, డబ్బా కలిపాం. డబ్బా రసాన్ని మరిగించొద్దు. అది ముందే హాప్స్‌తో మరిగింది, మళ్లీ మరిగిస్తే మిగిలిన కాస్త వాసన కూడా ఆవిరైపోతుంది. ఫర్మెంటర్‌లో చన్నీళ్లు పోసి 19 డిగ్రీలకు వచ్చాకే ఈస్ట్ చల్లాం. బకెట్, గరిటె, ఎయిర్‌లాక్ (గ్యాస్‌ను బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని బిరడా), ఈస్ట్ పొట్లం కత్తిరించే కత్తెరతో సహా అన్నీ శానిటైజర్‌లో ముంచినవే.

1.048 దగ్గర మొదలైంది. 12వ రోజు 1.014. 13, 14 రోజుల్లో కూడా 1.014. మూడు రోజులు ఒకే అంకె వస్తేనే సీసాలకు ఎత్తాలి. లోపల ఇంకా పులుస్తుండగా మూత బిగిస్తే సీసా పేలుతుంది, గాజు పెంకులు ఎగిరితే కళ్లు పోతాయి. మొదటిసారి చేసేవాళ్లు ప్లాస్టిక్ బీరు సీసాలే వాడండి. నొక్కి చూస్తే గ్యాస్ ఎంత చేరిందో చేతికే తెలుస్తుంది.

సీసాల్లో నింపే రోజు సగం బీరులో డికాక్షన్ కలిపాం, సగం అలాగే ఉంచాం. గ్యాస్ కోసం లీటరుకు 5 గ్రాముల పంచదార వేశాం. ఇక్కడ పంచదార తప్పేమీ కాదు, లీటరుకు అంత కొంచెం రుచిని మార్చదు. మామూలు బీరుకు వేసే దానికంటే ఇది కాస్త తక్కువ. స్టౌట్‌కు గ్యాస్ ఎక్కువైతే మెత్తదనం పోయి సోడాలా కొడుతుంది.

మూడో వారంలో ఒకటి తెరిచాం. రోస్ట్ రుచి కాస్త గరుకుగా, విడివిడిగా ఉంది. తమ్ముడు కంగారుపడ్డాడు. ఆగమన్నాను. ఆరో వారంలో, సెప్టెంబరు చివర్లో, ఫ్రిజ్‌లోంచి తీసి ఇరవై నిమిషాలు బయట ఉంచి, 10 నుంచి 12 డిగ్రీల మధ్య పోశాం. మరీ చల్లగా ఉంటే ఇంత పనీ నాలుకకు తెలియదు. గరుకు పోయింది. కాఫీ లేని సీసాలో డార్క్ చాక్లెట్, మాడిన రొట్టె అంచు, ఆ తర్వాత ఓట్స్ మెత్తదనం. కాఫీ సీసా వాసన గది తలుపు దగ్గరికే తెలిసింది. కాగితంలో వడకట్టినా దాని నురగ కాఫీ లేనిదాని కంటే సగమే నిలిచింది. తర్వాతి బ్యాచ్‌కు డికాక్షన్ బదులు చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టిన కాఫీ వేద్దామనుకుంటున్నాం.

హీటర్ పక్కన చేసిన పాత బ్యాచ్‌లోంచి తమ్ముడు ఒక సీసా దాచి ఉంచాడు. దాన్ని కూడా పక్కన పోశాడు. రెండు గ్లాసులూ దీపానికి ఎదురుగా ఎత్తి పట్టుకుంటే నలుపులో తేడా కనబడలేదు. పాతది ఒక గుక్క తాగి బల్ల మీద పెట్టేసి, కొత్త గ్లాసు పూర్తి చేశాడు. ఐదో డబ్బా అప్పటికే అతని కారు డిక్కీలో ఉంది.